చేతబడి డబ్బా

నిచ్చెన మీద నిలబడి హాలు గోడకు పాత రంగు గీకుతున్న బిక్షమయ్యకు, కింద జరుగుతున్న హడావుడి చూస్తే నవ్వొచ్చింది. ఆదివారం పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే ప్రయాణానికి బుధవారం నుంచే సామాను సర్దుతున్నారు. దుమ్ము పడకుండా డైనింగు బల్ల మీద అతనే కప్పిన పాత దుప్పటి మీద, ఆ ఇంటి పాప టార్చిలైటు, తాడు, రెండు పెన్నులు, చేతి తొడుగులు, ఒక బొమ్మ కారు, రంగురాయి ఉంగరం వరసగా పేర్చి కాగితం మీద టిక్కులు పెట్టుకుంటోంది. పాపకు పదమూడేళ్ళుంటాయి. ఇంట్లో అందరూ చిన్నీ అని పిలుస్తారు. మన్సూరాబాదులో ఆ ఇంటి పనికొచ్చి అతనికి అది మూడో రోజు.

"ఏడికి బిడ్డా, అడివికా?" అన్నాడు పైనుంచే.

"అడివి కాదంకుల్. పెద్ద అంబర్‌పేట్ దాటాక. నిధి వేటకి."

బిక్షమయ్య గీకడం ఆపాడు. "నిధా? మీ నాయినకు ఎరికేనా? పోలీసోళ్ళు పట్టుకపోతరు!"

పాప పడీ పడీ నవ్వింది. వంటింట్లోంచి వాళ్ళమ్మ ఇంద్రాణి కూడా నవ్వింది. "ఆ నిధి కాదు బిక్షమయ్యా, ఇది ఫోన్లో ఆడే ఆట. ఆదివారం వస్తే చాలు, మా ఆయనకీ దీనికీ ఇదే పిచ్చి."

"జియోకాషింగ్ అంటారంకుల్," అంది పాప. "ఎవరో ఒకళ్ళు ఒక డబ్బాని ఎక్కడో దాస్తారు. ఆ చోటు ఫోన్లో పెడతారు. మనం ఫోన్ చూసుకుంటూ వెళ్ళి వెతుక్కోవాలి. దొరికితే లోపల చిన్న పుస్తకం ఉంటుంది. అందులో పేరు రాసి, మళ్ళీ అక్కడే దాచేసి వచ్చేయాలి."

"దొరికినంక తెచ్చుకోవద్దా?"

"ఊహూఁ. కావాలంటే లోపలున్న బొమ్మ ఒకటి తీసుకుని మనది ఒకటి పెట్టాలి."

"గంత దూరం పెట్రోలు పోసుకొని పోయి, పేరు రాసి వాపసు వచ్చుడా? సదువుకున్నోళ్ళకు వేరే పనులుండవా ఏంది!"

"బాగా అడిగావు. ఆ మాటేదో మా ఆయనతో చెప్పు," అంది ఇంద్రాణి వంటింట్లోంచి.

బిక్షమయ్య నవ్వుతూనే మళ్ళీ గోడకేసి తిరిగాడు. కానీ రెండు గీతలు గీకేసరికి చెయ్యి నెమ్మదించింది. పెద్ద అంబర్‌పేట్. డబ్బా. చిన్న పుస్తకం. బొమ్మ. అవన్నీ ఒకేచోట ఎప్పుడో చూసినట్టనిపించింది.

"డబ్బా ఎట్లుంటది బిడ్డా?"

"ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. ఇదైతే పాత టిఫిన్ డబ్బా, చుట్టూ నల్ల టేపు. పెద్ద బండరాయి కింద సందులో పెట్టారు. జనవరిలో మేం చూశాంగా." పాప ఉంగరాన్ని వేలికి పెట్టి తీసింది. "అప్పుడు నానమ్మ కూడా వచ్చింది. తనూ ఆ పుస్తకంలో రాసింది. పేరు రాయవే అంటే పేజీ అంతా రాసింది. నేను చూడబోతే చెయ్యి అడ్డం పెట్టేసి, ఇప్పుడు కాదు, మళ్ళీ వచ్చినప్పుడు చదువుకో అంది. తర్వాత ఆషాఢంలో నానమ్మ చనిపోయింది. అందుకే ఇప్పుడు వెళ్తున్నాం. అది చదవడానికి."

బిక్షమయ్య నిచ్చెన మీదే పాప వైపు తిరిగాడు. "మీ నానమ్మ పేరేంది?"

"సీతామహాలక్ష్మి."

"నీ పేరు... చిన్నియేనా?"

"అది ఇంట్లో. స్కూల్లో తన్మయి."

అతని చేతిలోని రంగు గీకే రేకు జారి కింద పడింది. "అయ్యో, చూసుకోండంకుల్!" అని పాపే తీసి అందించింది.

అది ఫిబ్రవరిలో జరిగింది. ఎల్‌బీ నగర్ అడ్డా మీద కూలి కోసం నిలబడితే ఒక మేస్త్రి అతన్నీ, అతని ఊరివాడైన లింగస్వామినీ ఆటో ఎక్కించి పెద్ద అంబర్‌పేట్ అవతలికి తీసుకుపోయాడు. కొత్తగా వేస్తున్న ప్లాట్ల చుట్టూ రాతి కడీలు పాతి ముళ్ళతీగ కట్టే పని. మధ్యాహ్నం ఇద్దరూ ఒక పెద్ద బండరాయి నీడలో సద్ది విప్పుకున్నారు. అన్నం తిని వెనక్కి చేరగిలబడి చెయ్యి రాతి కింది సందులోకి చాపితే బిక్షమయ్యకు ఏదో తగిలింది. లాగితే నల్ల టేపు చుట్టిన డబ్బా.

మూత తీసి చూసి ఇద్దరూ గుడ్లు తేలేశారు. చెయ్యి విరిగిన ప్లాస్టిక్ బొమ్మ. ఎర్రదారం కట్టిన గవ్వ. ఎవరిదో జడపిన్ను, దానికి చుట్టుకున్న రెండు వెంట్రుకలు. ఏ దేశానిదో తెలియని బిళ్ళ. వేలెడంత తెల్ల పొట్లం. వీటన్నిటి కింద పేర్లు రాసిన చిన్న పుస్తకం.

"ముట్టకు, ముట్టకు బిక్షమన్నా!" అని లింగస్వామి ఎగిరి అవతల పడ్డాడు. "చేతబడి గిది! పేర్లు చూడు, ఎందర్ని కట్టేసిండ్రో."

"గీ తెల్ల పొట్లమేందిర?"

"కాటికాడి బూడిద."

బిక్షమయ్య పొట్లం ఊపి చూశాడు. లోపల గింజలు కదిలాయి. "బూడిద గుండ్రగుంటదా?"

"మంత్రించినంక ఎట్లనన్న ఉంటది. నీకెరికేనా, నాకెరికేనా?"

పుస్తకంలో చాలా పేజీలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక్క పేజీ మాత్రం తెలుగు. గుండ్రటి పెద్ద అక్షరాలు. నాలుగో తరగతిలో బడి మానేసిన బిక్షమయ్యకు బస్సు బోర్డులు చదవడమే పెద్ద చదువు. అయినా ఆ పేజీ మీద వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు. పైన సీతామహాలక్ష్మి అని పేరు. నాలుగు లైన్లు దాటాక తన్మయీ అని ఇంకో పేరు. చిన్నపిల్ల పేరులా తోచింది. ఎవరో పాపిష్టివాడు ఒక ముసలామెనూ ఒక పసిపిల్లనూ ఈ డబ్బాలో పెట్టి రాయి కింద తొక్కాడనుకున్నాడు. అంతలో లింగస్వామి పుస్తకం లాక్కున్నాడు. మేస్త్రి బండిలోంచి సీసాడు పెట్రోలు తెచ్చి పుస్తకం, బొమ్మ, పొట్లం కలిపి కాల్చారు. డబ్బాను, మిగిలినవాటిని పక్కనున్న క్వారీ గుంతలో, నీళ్ళలోకి విసిరి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశారు. మర్నాడు బిక్షమయ్య మైసమ్మ గుడి దగ్గర ఆ రెండు పేర్ల మీద కొబ్బరికాయ కొట్టాడు. ఆపైన ఎన్ని రోజులో అడ్డా మీద ఆ కథ చెప్పుకున్నాడు. "ముఖం గూడ తెల్వని పిల్లను బతికించిన," అని.

ఆ పిల్ల ఇప్పుడు నిచ్చెన కింద నిలబడి, నానమ్మ రాసిన పేజీ తేవడానికి ప్లాస్టిక్ కవరు సరిపోతుందా, అట్టపెట్టె కావాలా అని వాళ్ళమ్మను అడుగుతోంది.

ఆ పూట చెప్పలేకపోయాడు.

గురువారం పాప తండ్రి రాఘవేంద్ర ఇంట్లోనే ఉన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే మనిషి. ఫోన్ చూస్తూ, "చిన్నీ, ఆఖరున వెతికిన ముగ్గురూ డబ్బా దొరకలేదని రాశారే," అన్నాడు.

"వాళ్ళకి వెతకడం రాదు నాన్నా. కిందికి వంగి, చెయ్యి మోచేతి దాకా పెట్టాలి. ఆ డబ్బా పెట్టినాయన మెసేజ్ కూడా ఇచ్చాడుగా, నానమ్మ పేజీ చింపి తెచ్చుకోమని." పాప ఫోన్ లాక్కుని నిచ్చెన దగ్గరికొచ్చింది. "అంకుల్, మీరు ఆ వైపు పనులకి వెళ్తుంటారుగా. ఈ రాయి ఎప్పుడైనా చూశారా? ఇప్పుడు అక్కడిదాకా కారు వెళ్ళే దారుందో లేదో."

బండరాయి ఫోటో. దాని నీడలో తను సద్ది తిన్న చోటు కూడా కనబడుతోంది. "తెల్వది బిడ్డా," అన్నాడు బిక్షమయ్య. "నేను గటు దిక్కు పోలే." తన మాట తనకే ఎవరిదో అనిపించింది. నిన్నటిదాకా చేసింది తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసింది.

సాయంత్రం హయత్‌నగర్‌లో తను కిరాయికుంటున్న గదికి వెళ్ళాక, చిక్కుడుకాయలు తుంచుతున్న భార్య లచ్చమ్మ పక్కన కూలబడి సంగతంతా చెప్పాడు.

"ఎవల పేరు మీద కాయ కొట్టినవో వాళ్ళింట్లనే పనికి కుదిరినవా? గిదేం ఇచ్చంత్రం!" అంది ఆమె.

"గా ముసలామె సచ్చిపోయిందంట లచ్చీ."

"ముసలోళ్ళయినంక పోరా? నువ్వు కాలవెట్టినందుకే పోయిందా?"

"పేరు కాలవెట్టిన కద." అతను రెండు రోజులుగా నమిలి మింగలేకపోతున్నది అదే. డబ్బాలో చేతబడి లేకపోతే, ఒక మనిషి పేరు మీద నిప్పు పెట్టిన తనే చేతబడి చేసినట్టు కాదా?

"కాయ గూడ కొట్టినవ్ కద! గా లెక్కల నూరేండ్లు బతకాలె మరి. నీ నిప్పుకే బలముండి, నీ కాయకు లేదా?" అని కసిరింది లచ్చమ్మ. అతను నవ్వలేదు. అది చూసి ఆమె గొంతు తగ్గించింది. "చెప్పకు. ఇల్లు పని కానియ్యి. అటెన్క చెప్పుకో."

"ఆదివారమే పోతున్నరు. గా పిల్ల రాయి కింద మోచేతి దాక చెయ్యి వెట్టి దేవులాడుతది లచ్చీ. దొరకకుంటె దొరకకుంటె దేవులాడుతది."

లచ్చమ్మ తుంచుతున్న కాయ పక్కన పెట్టింది.

శుక్రవారం గోడకు లప్పం పెడుతున్నాడు. ఇంద్రాణి దాన్ని పుట్టీ అంటుంది. మొదటిరోజు దాని మీద ఇద్దరూ వాదించుకుని నవ్వుకున్నారు. ఇప్పుడతను పలకకుండా పని చేస్తుంటే, "ఏంటయ్యా, ఒంట్లో బాలేదా?" అని టీ తెచ్చి ఇచ్చింది. అప్పుడు చెబుదామనుకున్నాడు. గ్లాసు చేతికి రాగానే మాట వెనక్కి పోయింది. ఎవరి టీ తాగుతూ ఎవరికి చెప్పాలి?

సాయంత్రం రాఘవేంద్ర, పాప దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చారు. పాప కాళ్ళకు కొత్త బూట్లు. బండల మీద జారకుండా ఉండేవట. రాఘవేంద్ర తెల్లగా మెరుస్తున్న లప్పం మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "నున్నగా తెచ్చావయ్యా. ఇదిగో, ఇక్కడ అమ్మ ఫోటో. దాని పక్కన అమ్మ రాసిన పేజీ ఫ్రేము కట్టించి పెడదామనుకుంటున్నాం. మేకులు ఎక్కడ కొట్టాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో."

"సారు..."

"ఆఁ?"

"ఏం లేదు సారు. ఫోటో ఎంత ఉంటది?"

రాఘవేంద్ర చేతులతో కొలత చూపించాడు. బిక్షమయ్య రెండు చుక్కలు పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం. ఇంద్రాణి రేపటి పులిహోరకు చింతపండు నానబెట్టింది. పాప బ్యాగు జిప్పు వేసి, మళ్ళీ తీసి, నీళ్ళ సీసా అటు తిప్పి పెడుతోంది. రాఘవేంద్ర పేపర్లు దిద్దుకుంటున్నాడు. బిక్షమయ్య నిచ్చెన దిగి, బయట పంపు దగ్గర చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

"సారు, డబ్బా గురించి ఒక మాట."

"సోమవారం తెస్తానన్నాగా. షేడు కార్డు కూడా తెస్తా, నువ్వే చూసి చెప్పు."

"రంగు డబ్బా కాదు సారు. గా రాయి కింది డబ్బా. అది లేదు."

పాప బ్యాగు మీద చెయ్యి అలాగే ఉంచి తలెత్తింది.

ఆపలేదు బిక్షమయ్య. ఆపితే మళ్ళీ నోరు పెగలదని తెలుసు. కడీల పని, సద్ది, బొమ్మ, గవ్వ, వెంట్రుకలు, బూడిద పొట్లం, పెట్రోలు, క్వారీ గుంత, కొబ్బరికాయ. అన్నీ నేల చూస్తూ చెప్పాడు. బూడిద పొట్లం దగ్గర రాఘవేంద్రకు నవ్వు ఆగలేదు. "అది బూడిదేంటయ్యా, తేమ పట్టకుండా వేసే పొట్లం! కొత్త చెప్పుల పెట్టెలో కూడా..." అంటూనే కూతురి మొహం చూసి సగంలో ఆగిపోయాడు.

"నవ్వుతారేంటండీ!" అంది ఇంద్రాణి. చింతపండు చేతితోనే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "పేర్లు కనిపిస్తే తగలబెట్టేయడమేనా బిక్షమయ్యా? ఎవరిదో ఏంటో అడగాలని తోచలేదా? సరే, అది తెలీక చేశావు. మొన్న ఇది ఫోటో చూపిస్తే ఆ వైపే వెళ్ళలేదన్నావట!"

"అన్ననమ్మా. అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

"భయమైంది. పని పోతదని కాదమ్మా..."

పాప అడిగింది. "మొత్తం కాలిపోయిందా?"

"మొత్తం బిడ్డా. దగ్గరుండి కాలవెట్టిన."

పాప బ్యాగు అక్కడే వదిలేసింది. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. విసురుగా వేసినా బాగుండేది. చప్పుడు కాకుండా, మెల్లగా వేసుకుంది.

"పో, పని చూసుకో," అన్నాడు రాఘవేంద్ర. కోపంతో కాదు, ఏమనాలో తెలియక. బిక్షమయ్యకూ వేరే ఏం చెయ్యాలో తెలియదు. ఇసుక కాగితం తీసుకుని, నున్నగా ఉన్న గోడనే మళ్ళీ రుద్దసాగాడు. పెన్సిల్ చుక్కల దగ్గరికి మాత్రం చెయ్యి పోనివ్వలేదు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. పాప కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో బడి నోటుపుస్తకం, పెన్ను.

"అంకుల్, మీకు మా పేర్లు ఎలా తెలిశాయి?"

"పుస్తకంల ఉండె కద బిడ్డా."

"అంటే చదివారు. కాల్చే ముందు."

బిక్షమయ్య నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుండిపోయాడు. మూడు రోజులుగా కాల్చిన సంగతే తప్ప చదివిన సంగతి అతని తలలోకే రాలేదు. "సదివిన. కూడబలుక్కుంట సదివిన. నాకు సదువు తక్కువ బిడ్డా. ఒక్కొక్క లైను కాడ చానసేపు ఆగిన."

"అయితే గుర్తుంటుంది," అంది పాప. నేల మీద మఠం వేసుకుని కూర్చుని పుస్తకం తెరిచింది.

అతను కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు పేజీ మీద నడిపిన వేలు ఇప్పుడు తొడ మీద కదిలింది. "మొదటి లైను, 'నా పేరు సీతామహాలక్ష్మి.' గా లక్ష్మి కాడ జర ఎక్కువ సేపు పట్టింది. రెండోది, 'ఈ ఎండలో నాతో బండలెక్కించారు.' మూడోది, 'మోకాళ్ళు పోయాయి గానీ గాలి బావుంది.'"

పాప రాస్తూ ఆగింది. "బాగుంది అనా, బావుంది అనా?"

"బావుంది. మేం గట్లనం. అందుకే యాదికున్నది."

ఆమె అక్షరం కొట్టేసి దిద్దింది.

"నాలుగోది, 'ఫ్లాస్కులో కాఫీ తెమ్మంటే ఎవరూ వినలేదు.'"

"అమ్మే," అన్నాడు రాఘవేంద్ర. "అమ్మే అది." కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంద్రాణి గుమ్మంలోంచి కదలలేదు.

"ఐదో లైన్ల 'తన్మయీ' అని ఉండె. పిలిచినట్టు."

"తర్వాత?"

బిక్షమయ్య కళ్ళు తెరిచాడు. పాప పెన్ను కాగితం మీద ఆనించి అతని మొహంలోకి చూస్తోంది. మంచిగ చదువుకో, చల్లగా ఉండు. ఏ నానమ్మయినా రాసేది అదే కదా. తను అన్నా ఎవరికి తెలుస్తుంది? ఈ పిల్లకు ఎంత నెమ్మది! మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మొహం మీద ఒకసారి అబద్ధం చెప్పే ఉన్నాడు.

"తర్వాత సదువలే బిడ్డా. నీ పేరు చూసి భయమైంది. అంతల మావోడు పుస్తకం గుంజుకున్నడు."

పాప కింది పెదవి కొరికిపట్టుకుంది.

"కింద ఇంకా ఎంత ఉంది? ఎన్ని లైన్లు?"

అతను మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆ గుండ్రటి అక్షరాలు దూరంగా, పొగ అవతల ఉన్నట్టు కనబడ్డాయి. "రెండు. రెండోది సగమే."

పాప తన్మయీ అని రాసింది. దాని కింద ఒక లైను ఖాళీగా వదిలింది. ఇంకో లైనులో సగం వదిలి, అక్కడ చుక్క పెట్టింది. పుస్తకం మూసేసింది.

"రేపు మానేద్దామా చిన్నీ?" అన్నాడు తండ్రి మెల్లగా.

"వద్దు. వెళ్దాం." లేచి నిలబడి బిక్షమయ్య వైపు తిరిగింది. గొంతులో కోపం తగ్గలేదు. "ఆరింటికి బయల్దేరతాం. మీరూ రావాలి. ఎక్కడ కాల్చారో నాకు చూపించాలి."

"ఒస్త బిడ్డా," అన్నాడు బిక్షమయ్య.